ఏడుపు ఆగితే తిరిగి చూసే మనిషి

బస్సులో పసిపిల్ల గుక్కపట్టి ఏడిస్తే అందరం తల తిప్పి చూస్తాం. రాహేలమ్మగారు చూడరు. తన మానాన తను ఊలు అల్లుకుంటూ కూర్చుంటారు. ఆ ఏడుపు ఠక్కున ఆగిందా, అప్పుడు తిప్పుతారు తల. తిప్పి ఊరుకోరు. సూదులు నా ఒళ్ళో పడేసి లేచి వెళ్ళి, "ఎక్స్‌క్యూజ్ మీ, బేబీ ఓకే?" అని అడుగుతారు. ఆ తల్లి నవ్వి పాలసీసా చూపిస్తుంది. ఈవిడ థాంక్యూ చెప్పి వచ్చి కూర్చుంటారు. మనల్ని ఎవరేమనుకుంటారో అని నాకు సిగ్గుగా ఉండేది. ఆవిడకు మాత్రం అలాంటిదేమీ ఉండేది కాదు.

మాది క్రైస్ట్‌చర్చ్‌లో రిక్కార్టన్ అనే పేట, ఇద్దరిదీ ఒకే వీధి. నేను గుడివాడ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయి కొడుకు దగ్గరికి వచ్చినదాన్ని. ఆవిడ నిడదవోలు వైపు మనిషి. ముప్ఫై అయిదేళ్ళు ఏఎన్నెమ్‌గా ఊళ్ళూ కొండలూ తిరిగి, రిటైరయ్యాక ఇక్కడ నర్సుగా ఉన్న కూతురు ఫేబీ దగ్గరికి వచ్చారు. పొడుగ్గా, సన్నగా ఉంటారు. మాట తక్కువ. ఆ లోటు నేను తీరుస్తాను. ఇద్దరం కలిసి మార్కెట్‌కి వెళితే మా అబ్బాయి అంటాడు, "రేడియో, రేడియో వినే ఆవిడ బయల్దేరారు" అని.

క్రైస్ట్‌చర్చ్ ఇళ్ళ సంగతి ఇక్కడికి రానివాళ్ళకి చెప్పినా నమ్మరు. బయటినుంచి బొమ్మరిల్లులా ఉంటాయి. లోపల జూన్, జూలైల్లో, అంటే ఇక్కడి చలికాలంలో, పొద్దున్నే లేస్తే కిటికీ అద్దాల లోపలి వైపున నీళ్ళు కారుతుంటాయి. టవల్ పెట్టి తుడిచి పిండాలి. అలాంటి ఫ్లాట్లలో మన హైదరాబాదు, విజయవాడ అమ్మాయిలు తొలిపురుళ్ళు పోసుకుంటారు. చదువులు పెద్దవి, ఉద్యోగాలు పెద్దవి, కానీ పుట్టి ఒక్క రోజయిన పిల్లను అంతకుముందు ఎప్పుడూ చేత్తో పట్టుకుని ఉండరు. వాళ్ళ కోసమే రాహేలమ్మగారు శనివారాలు చర్చి వెనక హాల్లో క్లాసు పెట్టారు. ఏ మతం వాళ్ళయినా రావచ్చు. కాన్పులు చూసే ఇక్కడి మిడ్‌వైఫ్‌లు చెప్పేదే చెబుతారు, కాకపోతే తెలుగులో, చేత్తో చేయించి చెబుతారు. కుర్చీలు వేయడం, టీ పెట్టడం, అడక్కుండానే మధ్యలో మాట్లాడడం నా పని.

మొదటి క్లాసులో ఆవిడ బొమ్మను బయటికి తీయరు. రాళ్ళు తీస్తారు. ఏటి ఒడ్డున ఏరుకొచ్చిన గుండ్రటి రాళ్ళు, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినవి. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, ఒకమ్మాయిని రాయికి మూడు దుప్పట్లు చుట్టి బల్లమీద పెట్టమంటారు. రెండో అమ్మాయిని రాయి తీసుకుని స్వెట్టర్ లోపల, గుండెల మీద, ఒంటికి ఆనించి పెట్టుకోమంటారు.

ఒకసారి రుచిత అనే పిల్ల, మహా గడుసుది, కెవ్వుమంది. "ఆంటీ, ఇది ప్రెగ్నెన్సీ క్లాసా, జియాలజీ క్లాసా?"

"ముందు రాయి పెట్టుకో తల్లీ. ఏ క్లాసో తర్వాత చూద్దాం."

పావుగంట తర్వాత రెండు రాళ్ళూ చేతికిస్తారు. మూడు దుప్పట్లలోది ఐసుముక్కలాగే ఉంటుంది. గుండెల మీద పెట్టుకున్నది గోరువెచ్చగా ఉంటుంది.

"దుప్పటి వేడి పుట్టించదమ్మా," అంటారావిడ. "ఉన్న వేడిని బయటికి పోనివ్వదు, అంతే. పిల్ల వెచ్చగా ఉంటే దుప్పటి పనికొస్తుంది. పిల్ల చల్లబడిపోయాక ఎన్ని కప్పినా రాయికి కప్పినట్టే. అప్పుడు మీ ఒళ్ళే దానికి పొయ్యి."

తర్వాత బొమ్మ వస్తుంది. పుట్టగానే పొడిగా తుడవాలి, తల్లి గుండెల మీద వేయాలి, స్నానం తొందర లేదు. చెయ్యి తిరగేసి వేళ్ళ వెనక వైపుతో ముందు పొట్ట ముట్టుకోవాలి, తర్వాత పాదం. పొట్ట వెచ్చగా ఉండి పాదం చల్లగా ఉంటే పిల్లకి చలేస్తోందని. రెండూ చల్లగా ఉంటే ఇంక ఆలోచించేది లేదు, గుండెలకు హత్తుకుని ఫోన్ చేయడమే. అలాగని ఉడకబెట్టేయకూడదు. ఇంట్లో పడుకోబెట్టినప్పుడు టోపీ తీసేయాలి, ముఖం మీద బట్ట పడకూడదు, వెల్లకిలా, దాని పక్క మీద అదే. ఇవన్నీ నవ్వుతూ చెబుతారు. ఎందుకు అలా చేయాలో చెబుతారు. చేయకపోతే ఏమవుతుందో మాత్రం చెప్పరు. అక్కడికి వచ్చేసరికి బొమ్మకు బట్టలు మార్చడం మొదలుపెట్టేస్తారు.

ఎందుకు చెప్పరో నాకు ఈ జూలైలోనే తెలిసింది. దాన్ని చివరిదాకా దాచి చెప్పే ఓపిక నాకు లేదు. ఇప్పుడే చెప్పేస్తాను.

ఆవిడకు ఇరవై రెండేళ్ళప్పుడు, మొదటి పోస్టింగు పాడేరు వైపు కొండల్లో. జనవరి నెల. పొద్దెక్కినా మంచు విడవని ఊరు. సోములమ్మ అని పద్దెనిమిదేళ్ళ అమ్మాయికి తొలికాన్పు చేశారు. ఆడపిల్ల. స్ప్రింగుకాటాకి కట్టి తూస్తే రెండు కిలోల ఎనిమిది వందలు. ఆ ఊళ్ళో ఎవరూ అంత బరువున్న పిల్లను చూడలేదట. పుట్టీ పుట్టగానే ఊరంతా వినిపించేలా ఏడ్చింది. ట్రైనింగులో నేర్పినట్టు ఈవిడ పిల్లను తుడిచి తల్లి మీద పెట్టబోతే, సోములమ్మ అత్త అడ్డుపడింది. కడగని పిల్లను మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు, కడిగి చేటలో పెట్టు అంది. తల్లిని కూడా మూడు రోజులు వేరే పాకలో ఉంచుతాం అంది. ఆవిడ ఊరికి పెద్ద. ఈవిడ నిన్నగాక మొన్న వచ్చిన నర్సమ్మ. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తనే నీళ్ళు పెట్టి, తన చేతుల్తోనే పిల్లకు స్నానం చేయించి, పాతచీర ముక్కలో చుట్టి చేటలో పెట్టారు. నీళ్ళు వేడివే. కానీ గాలి చల్లటిది. పిల్ల ఇంకాసేపు ఏడ్చింది. తర్వాత ఏడుపు ఆపేసింది.

ఆ ముసలావిడ మురిసిపోయిందట. "మంచి పిల్ల. ఏడవదు," అంది. రాహేలమ్మగారు కూడా మురిసిపోయారు. ఇంకో ఊళ్ళో ఇంకో కాన్పు చూసుకుని సాయంత్రానికి తిరిగొచ్చి పాదం ముట్టుకున్నారు. తర్వాత పొట్ట ముట్టుకున్నారు.

పిల్ల పోయిన కారణం దగ్గర, రిజిస్టర్లో బలహీనమైన శిశువు అని రాశారు.

అదీ సంగతి. ఆ తర్వాత ఆవిడ చేతుల మీదుగా వందల మంది పుట్టారు, వందల మంది బతికారు. ఆవిడ మాత్రం ఎక్కడ ఏ పిల్ల ఏడుపు ఆగినా లేచి వెళ్ళి చూస్తూనే ఉన్నారు. బస్సులో, మార్కెట్లో, పెళ్ళిలో. భర్తకు చెప్పలేదు, ఆయన పోయారు. కూతురికీ చెప్పలేదు.

ఇక జూలై సంగతి. శరణ్య అని సూర్యాపేట అమ్మాయి మా క్లాసుకి రెండు నెలలు వచ్చింది. ఒక్క వారం మానలేదు. ఫోన్లో నోట్సు కూడా రాసుకునేది. భర్త రిషి ఏదో కట్టడం సైటులో ఇంజినీరు, శనివారాలు కూడా డ్యూటీయే. కాన్పుకి వాళ్ళమ్మ వెంకటలక్ష్మి వచ్చింది. ఆవిడతో నాకు ఇండియన్ షాపులో చింతపండు దగ్గర పరిచయమై, పది నిమిషాల్లో ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకునే దాకా వెళ్ళింది. నన్ను టీచరమ్మా అని పిలుస్తుంది. పిల్ల మూడున్నర వారాలు ముందే పుట్టింది, రెండు కిలోల నాలుగు వందలు. అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంచి గురువారం ఇంటికి పంపారు. శుక్రవారం మిడ్‌వైఫ్ వచ్చి చూసి, బాగుందని చెప్పి వెళ్ళింది.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంట. క్లాసు అయిపోయింది. హాల్లో రాహేలమ్మగారు దుప్పట్లు మడత పెడుతున్నారు, నేను కప్పులు కడుగుతున్నాను. చేతులు తడిగా ఉన్నాయని ఫోన్ స్పీకర్లో పెట్టి బల్లమీద పెట్టాను. వెంకటలక్ష్మి.

"టీచరమ్మా, నా మనుమరాలు మస్తు బుద్ధిమంతురాలు. పొద్దుగాల ఏడింటికి నూనె పెట్టి నెత్తిస్నానం పోసిన. గప్పటిసంది పండుకునే ఉన్నది. ఒక్కపారి గూడ ఏడ్వలే."

"అదృష్టవంతులు," అని నేను గట్టిగా నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "మా వాడైతే నెలరోజులు మమ్మల్ని కన్ను మూయనివ్వలేదు. పాలు తాగిందా మరి?"

"యాడ తాగుతది, లేపినా లేస్తలేదు. గంత మంచి నిద్ర."

దుప్పటి మడత ఆగిపోయింది. రాహేలమ్మగారు బల్ల దగ్గరికొచ్చారు. "వెంకటలక్ష్మిగారూ, నేను రాహేలమ్మని. పిల్ల పొట్ట ముట్టుకుని చూశారా?"

"మూడు దుప్పట్లు కప్పిన వదినా. టోపీ పెట్టిన. సాక్సులు రెండు జతలు ఏసిన. ఏం ఫికరు లేదు."

"పిల్లను తీసి శరణ్య గుండెల మీద వేయండి. ఇప్పుడే. బట్టలు లేకుండా."

"పిల్ల పండుకున్నది వదినా. మా బిడ్డ గూడ ఇప్పుడే కన్ను మూసింది. లేచినాంక చూద్దాం తియ్యి," అని ఫోన్ పెట్టేసింది. శరణ్య నంబరుకి చేస్తే మోగింది, ఎత్తలేదు.

"టీచరుగారూ, కప్పులు వదిలెయ్యండి," అన్నారు రాహేలమ్మగారు.

వాళ్ళ ఫ్లాటు మా హాలుకి పది నిమిషాల నడక. ఇక్కడ చలిని మోసుకొచ్చే దక్షిణపు గాలి కొడుతోంది, సన్నటి తుంపర. ఈ ఊళ్ళో ఆ గాలి మొదలైతే గొడుగు కూడా పనికిరాదు. ఆవిడ పరుగులాంటి నడక నడుస్తుంటే నేను వెనకాల మాట్లాడుతూనే ఉన్నాను. ఏమీ అయి ఉండదండీ, పసిపిల్లలు పడుకోరా, మీరు ఊరికే కంగారు పడుతున్నారు, అని. దారిలో ఒక్కసారి ఆవిడ, నాతో కాదు, "ఆవిడ కూడా ఇదే అంది," అన్నారు.

"ఎవరండీ?"

పక్కన ఇంకెవరో నడుస్తున్నట్టు చెయ్యి కొంచెం కిందికి జాపి నడుస్తున్నారు. చిన్నపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు. నాకు అప్పుడు ఏమీ తెలియదు కాబట్టి చలికి చెయ్యి వంకర్లు పోతోందేమో అనుకున్నాను.

వెంకటలక్ష్మి తలుపు తీసింది. బయట ఎంత చలో లోపలా అంతే చలి. నేను మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వచ్చింది. పడకగదిలో శరణ్య రెండు స్వెట్టర్ల మీద శాలువా, తలకు స్కార్ఫు, చెవుల్లో దూది పెట్టుకుని మందపాటి దుప్పటి కింద పడుకుని ఉంది. మమ్మల్ని చూసి లేచి కూర్చుంది. "ఆంటీ, ఏంటి సడన్‌గా?" అని, దూది ఒకటి తీసింది. పక్కన ఉయ్యాలమంచంలో పిల్ల. మూడు దుప్పట్లలో ముక్కూ మూతీ తప్ప ఏమీ కనపడటం లేదు. ఎంత ముద్దుగా ఉందో. ఎంత నిశ్శబ్దంగా ఉందో.

రాహేలమ్మగారు ముందు తన చేతుల్ని మెడ దగ్గర పెట్టుకుని వెచ్చబరుచుకున్నారు. దుప్పట్లు ఒక్కొక్కటీ తీశారు. చొక్కా పైకెత్తారు. వేళ్ళు తిరగేసి పొట్ట మీద ఆనించారు.

ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఆంటీ?" అంది శరణ్య.

నేను ఆవిడ ముఖం చూశాను. ఆ ముఖంలో ఇరవై రెండేళ్ళ పిల్ల ఉంది. కళ్ళు ఆ గదిలో దేన్నీ చూడటం లేదు. నేను భుజం మీద చెయ్యి వేసినా ఇటు తిరగలేదు. ఎంతసేపు అలా నిలబడ్డారో, పదిసార్లు ఊపిరి తీసుకునేంతసేపు కావచ్చు. అప్పుడు పిల్ల నోరు కొద్దిగా కదిలింది. చప్పుడు లేదు, ఆవలించబోయి మరిచిపోయినట్టు.

"బతికే ఉంది," అన్నారు రాహేలమ్మగారు, ఎవరికో చెబుతున్నట్టు. తర్వాత గొంతు మారింది. "శరణ్యా, ఫోన్ తీసి అంబులెన్సుకి ఒకటి ఒకటి ఒకటి కొట్టు. స్పీకర్లో పెట్టు. స్వెట్టర్లు తీసెయ్యి, లోపలివి కూడా. రాళ్ళు గుర్తున్నాయిగా. నీ పిల్ల ఇప్పుడు రాయి."

శరణ్య చెయ్యి స్వెట్టర్ మీదకి పోయింది. వెంకటలక్ష్మి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏం జేస్తున్రు మీరు? పచ్చి బాలింత. గింత చలిల రొమ్ము ఇప్పి కూసుంటదా? చలి కొడితే నా బిడ్డ దక్కుతదా? మా అక్క గట్లనే పోయింది. తొలి కాన్పు అయినాంక తొమ్మిదో దినం. నా కండ్ల ముంగటనే. పిల్లకు ఇంకో దుప్పటి కప్పుర్రి, నా బిడ్డను ముట్టకుర్రి."

ఆవిడ ఏడుస్తోంది. మూర్ఖత్వం కాదు. భయం. కూతురి మీద అలా వంగి, రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. రాహేలమ్మగారు పిల్ల ఒంటి మీది బట్ట కూడా తీసి, పిల్లను తన రెండు చేతుల మధ్య పట్టుకుని ఎదురుగా నిలబడ్డారు. ఇద్దరి మధ్యా అడుగు దూరం.

"వెంకటలక్ష్మిగారూ," అన్నారు చాలా మెల్లగా. "మీలాంటి పెద్దావిడ ఒకావిడ ఒకసారి నాకు అడ్డం నిలబడింది. నేను నోరు మూసుకున్నాను. ఆడపిల్ల. ఇంతకంటే బొద్దుగా ఉండేది. ఆవిడ చెప్పిందని నేనే స్నానం చేయించాను, ఈ చేతుల్తోనే. ఏడవట్లేదు, మంచి పిల్ల అందావిడ. నేనూ అదే అనుకున్నాను. సాయంత్రానికి లేదు. ఆ పిల్లను చంపింది నేను. ఇంకోదాన్ని చంపలేనండి. జరగండి."

గదిలో ఫోన్లోంచి ఎవరో ఆడగొంతు, పాప ఊపిరి తీసుకుంటోందా అని ఇంగ్లీషులో అడుగుతోంది.

వెంకటలక్ష్మి చేతులు దించింది. వెనక్కి తిరిగి, తనే కూతురి చెవిలో మిగిలిన దూది తీసింది. స్కార్ఫు విప్పింది. స్వెట్టర్లు ఒక్కొక్కటే తల మీదుగా లాగింది. శరణ్య గుండెల మీద పిల్లను బోర్లా పడుకోబెట్టి, ముఖం పక్కకి తిప్పి, ఇద్దరినీ కలిపి దుప్పట్లు కప్పారు రాహేలమ్మగారు. పిల్ల తలకు టోపీ ఉంచారు. శరణ్య ఏడుస్తూనే ఫోన్లో జవాబులు చెప్పింది, బ్రీతింగ్ ఉంది, వెరీ కోల్డ్, నాట్ ఫీడింగ్ అని. అడ్రసు రెండుసార్లు చెప్పింది.

"ఈ గదిలో హీటింగ్ ఏమైంది?" అన్నారు రాహేలమ్మగారు.

గోడ మీద తెల్లటి హీట్‌పంప్ ఉంది. ఆరిపోయి ఉంది. నేను రిమోట్ కోసం వెతికాను. మంచం కింద, దిండ్ల కింద, ఎక్కడా లేదు.

"అది నేనే బంద్ చేసిన," అంది వెంకటలక్ష్మి. "రిమోట్ నా పెట్టెల పెట్టిన. నిన్న రాత్రి నుంచి. పసిపిల్ల ఉన్న అర్రల ఏసీ పెడ్తరా ఎవలన్న?"

"మమ్మీ, అది ఏసీ కాదు," అంది శరణ్య. "హీటర్. అది ఆన్‌లోనే ఉందనుకున్నాను నేను."

వెంకటలక్ష్మి దానివైపు చూసింది. నేనూ చూశాను. సూర్యాపేటలో వాళ్ళింట్లో, గుడివాడలో మా ఇంట్లో గోడకి ఉండే ఏసీ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. అదే తెలుపు, అవే రెక్కలు. మన ఊళ్ళో ఏ అమ్మమ్మయినా బాలింత గదిలో మొట్టమొదట ఆపేది అదే. నేను మూడేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, ఆవిడకు ఆ మాట చెప్పాలని నాకెప్పుడూ తట్టలేదు. చింతపండు గురించి అరగంట మాట్లాడాను. క్లాసులోనూ చెప్పలేదు. క్లాసుకి వచ్చే అమ్మాయిలకు అది తెలుసు కదా. కానీ ఇంట్లో పిల్లను చూసుకునేది ఆ అమ్మాయిలు కాదు, వాళ్ళ అమ్మలు.

ఆవిడ పెట్టె తెచ్చి, తాళం తీసి, చీరల మధ్యలోంచి రిమోట్ తీసి నాకిచ్చింది. నొక్కాను. రెక్కలు తెరుచుకుని వెచ్చటి గాలి వచ్చింది. ఆవిడ ఆ గాలికింద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది.

అంబులెన్సు వచ్చేదాకా రాహేలమ్మగారు మంచం పక్కన వంగి, దుప్పటి లోపలికి చెయ్యి పోనిచ్చి పిల్ల వీపు మీద పెట్టి ఉంచారు. కాసేపటికి పిల్లికూన మూలిగినట్టు ఒక చప్పుడు. మళ్ళీ ఏమీ లేదు. మళ్ళీ ఒకటి. అంబులెన్సులోంచి దిగిన ఆవిడ పిల్ల చంకలో థర్మామీటర్ పెట్టి చూసింది. ముప్ఫై నాలుగున్నర. ఉండాల్సినదానికంటే రెండు డిగ్రీలు తక్కువ. గుండెల మీదనుంచి కదిలించవద్దు, అలాగే తల్లీబిడ్డా ఇద్దరూ రండి అని స్ట్రెచర్ మీద పెట్టారు. గుమ్మం దాటేటప్పుడు చలిగాలి తగిలి పిల్ల ఏడ్చింది. బొంగురుగా, కోపంగా, ఆగకుండా.

అది విని రాహేలమ్మగారు గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయారు. వెంకటలక్ష్మి అంబులెన్సు వెనకాల చెప్పుల్లేకుండా వీధి చివరిదాకా వెళ్ళింది.

పిల్ల బాగుంది. రక్తంలో చక్కెర పడిపోయిందని ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచారు. ఇప్పుడు పిల్ల ఏడిస్తే పక్క ఫ్లాటు వాళ్ళు గోడ కొడుతున్నారట.

రాహేలమ్మగారు ఆ మాట అన్న గదిలో మేం నలుగురమే ఉన్నాం. ఎలా పాకిందో తెలియదు. నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు, నిజంగా. ఒక్క మా కోడలికి చెప్పాను. వారం తిరిగేసరికి ఇండియన్ షాపులో ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "ఆ ఆంటీ ఇండియాలో ఎవరో పిల్లను చంపారటగా, అందుకే ఇక్కడికొచ్చేశారటగా," అంది. నేను చెప్పాల్సింది చెప్పాను. చాలా చెప్పాను. మూసే వేళయిందని షాపాయన లైట్లార్పాడు. ఫేబీ కూడా విని, ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చి తల్లి పక్కన కూర్చుందట. "అమ్మా, నేను పుట్టినప్పుడు నన్ను వారం రోజులు కింద పెట్టలేదని నాన్న అనేవారు. ఇందుకా?" అని అడిగిందట. ఈవిడ ఔనన్నారట.

తర్వాత శనివారం క్లాసుకి తొమ్మిది మంది పేర్లు ఇచ్చారు. నలుగురు వచ్చారు. నేను తొమ్మిది కుర్చీలూ వేసి, ఇంకెవరూ రావడం లేదని తెలిశాక అయిదు తీయబోతుంటే రాహేలమ్మగారు ఉంచమన్నారు. అప్పుడు వెంకటలక్ష్మి వచ్చింది. వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు, ఒకావిడ వరంగల్, ఒకావిడ ఒంగోలు. ఇద్దరూ కాన్పులకు వచ్చిన అమ్మమ్మలే. "వీళ్ళ ఇండ్లల్ల గూడ ఏసీ బంద్ జేసి ఉన్నది వదినా. నేను పోయి చూసిన," అంది. ముందు వరసలో కూర్చుంది.

రాళ్ళు బల్లమీద ఉన్నాయి. రాహేలమ్మగారు వాటిని ముట్టుకోలేదు. చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి, కొండల్లో ఊరు, సోములమ్మ, రెండు కిలోల ఎనిమిది వందలు, చేట, ఏడుపు ఆగడం, రిజిస్టర్లో రాసింది, అన్నీ వరసగా చెప్పారు. మొదటిసారి చెబుతున్నట్టు కాదు, నలభై ఏళ్ళుగా రోజూ ఒకరికి చెబుతున్నట్టు ఎక్కడా తడుముకోకుండా చెప్పారు. ఒంగోలు ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఒక అమ్మాయి లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. వెళ్ళలేదు, కుర్చీ ముందుకు జరుపుకుంది.

రుచిత చెయ్యెత్తింది. ఇప్పుడు తనకు తొమ్మిదో నెల. గడుసుతనమేమీ లేదు గొంతులో.

"ఆంటీ, ఆ అమ్మకి తెలుసా? సోములమ్మగారికి?"

"ఏది తల్లీ?"

"పాప వీక్‌గా పుట్టలేదని."

రాహేలమ్మగారు పట్టుకున్న చేతులు వదిలేశారు.

"తెలీదు," అన్నారు. "తన కడుపులోనే ఏదో లోపం ఉందనుకునే ఉంటుంది."

ఆ తర్వాత క్లాసు జరిగింది. రాళ్ళు పంచాం, బొమ్మను తుడిచాం, అమ్మమ్మలకు హీట్‌పంప్ రిమోట్ చేతికిచ్చి నొక్కించాం. ఆవిడ ఎప్పటిలాగే చెప్పారు. మనిషి మాత్రం అక్కడ లేరు.

ఇంటికి నడుస్తూ నేను ఉండబట్టలేక అడిగాను. "చెప్పేశాక కాస్త తేలికైందా?"

"లేదండీ టీచరుగారూ. ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఒక్కతే వచ్చేది. ఇప్పుడు వాళ్ళమ్మను కూడా తీసుకొస్తోంది." కొంత దూరం నడిచాక మళ్ళీ అన్నారు. "సోములమ్మ బతికి ఉంటే యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ఆ తర్వాత పిల్లలు పుట్టారో లేదో. పుట్టనిచ్చారో లేదో."

ఆవిడ చెయ్యి పట్టుకుని ఊరికే నడిచాను. నాకది అలవాటు లేని పని.

మా గేటు దగ్గర ఆగారు. ఎదురింట్లో ఎవరో పసివాడు రాగం తీస్తున్నాడు. ఆవిడ అటు చూడలేదు.

"ఆ కొండల మీద ఊళ్ళకి ఇప్పుడు ఫోన్లు వచ్చి ఉంటాయంటారా?" అని అడిగారు.

"వచ్చి ఉంటాయండి. ఎందుకు రావు?"

"సోములమ్మకి చెప్పాలంటే నాకు భయంగా ఉంది," అన్నారు. అని, మా ఇంట్లోకి వచ్చి, ఫోన్ ఉన్న బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నారు.